మొదలు లేని అర్జీ

నాకు కాగితం మీద పేరు రాయడమంటే భయం. చదువు రాక కాదు. ప్లస్ టూ పాసయ్యాను. మా వీధిలో అంతదాకా చదివిన ఆడవాళ్ళలో నేను రెండోదాన్ని. చదివింది అరవంలో. తెలుగు అక్షరాలు ముప్పై దాటాక ఫోన్లో చూసి నేర్చుకున్నాను, కాబట్టి ఈ రాతలో తప్పులుంటే ఆ ఫోన్‌ని తిట్టండి. చదువొచ్చినవాళ్ళకే ఈ భయం ఎక్కువ. రాసిన పేరు ఎవరెవరి చేతుల్లోకి పోతుందో మాకు తెలుసు కదా.

మా ఊరు తమిళనాడులో, చిన్నమనూరుకీ తేనికీ నడుమ ఉంటుంది. మునిసిపాలిటీ చీపుళ్ళు పట్టే మా కుటుంబాలన్నిటిదీ ఒకటే వీధి. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. సగం మందికి చర్చి, సగం మందికి అమ్మవారు. ఇప్పుడు కొందరు ఆటోలు తోలుతున్నారు, కొందరు అంగళ్ళలో బిల్లులు కొడుతున్నారు. నేను మాత్రం నా సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో భద్రంగా పెట్టి, మా అమ్మ ఊడ్చిన రోడ్లే ఊడుస్తున్నాను. కాంట్రాక్టు పని. పొద్దున ఐదుకి వరుసలో నిలబడితే మేస్త్రి కాగితం చూసి పేర్లు పిలుస్తాడు. పిలిస్తే ఆ రోజు పని ఉన్నట్టు. పిలవకపోతే ఎందుకని అడగకూడదు, చీపురు అప్పజెప్పి ఇంటికి పోవాలి.

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కుళాయి కోసమైనా, దీపం కోసమైనా, వీధి తరఫున ఏ కాగితం పోయినా దాని మీద ఒక్క వేలిముద్రే పడుతుంది. అందరికంటే పెద్దదైన పెద్దవ్వది. ఆమె నలభై ఏళ్ళు ఊడ్చి మానేసిన మనిషి. పిల్లలు లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు. ఆమె వేలు పడిందంటే వీధంతా మాట ఇచ్చినట్టే. దాని కింద ఇంకొకరు చెయ్యి పెడితే తప్పు. నీ మాట ఒక్కటే చాలదులే అని పెద్దవ్వ మొహం మీద అన్నట్టు లెక్క. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే కాబట్టి ఈ పద్ధతి ఎందుకొచ్చిందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

వీధి చివర మునిసిపాలిటీ బడి. రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు, ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు. పైకప్పు రేకు ఒక మూల లేచిపోయింది, వాన పడితే రెండో తరగతి పోయి నాలుగో తరగతి పక్కన కూర్చుంటుంది. చూడటానికి గొప్పగా ఏమీ ఉండదు. కానీ ఆ బడి లేకపోతే మాకు పొద్దు గడవదు. తల్లులమంతా ఐదుకే రోడ్ల మీద ఉంటాం. పిల్లలు వాళ్ళంతట వాళ్ళే లేచి, మొహం కడిగీ కడగకా, నూరు అడుగులు నడిచి బడిలో పడతారు. టిఫిను వండే ఆమె ఆరున్నరకే గేటు తీసి ఉంచుతుంది. పొంగలో ఉప్మానో వేడిగా తింటారు. పెద్ద టీచరమ్మ రాగానే తలలు విరబోసుకొచ్చిన ఆడపిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి జడలు వేస్తుంది. మా అమ్మాయి మూడో తరగతి. దానికి నేను జడ వేసేది సెలవు రోజుల్లోనే. నా కంటే టీచరమ్మే బిగువుగా వేస్తుందని అది నన్ను దెప్పుతూ ఉంటుంది.

ఒక మధ్యాహ్నం పని దిగి వస్తుంటే టీచరమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. పిల్లలు తక్కువున్న బళ్ళకి ఇచ్చే డబ్బు తగ్గిస్తారని మాట వినిపిస్తోందట. డబ్బు తగ్గితే మా బడిని బైపాస్‌కి అవతలున్న పెద్ద బడిలో కలిపేస్తారట. వచ్చే నెల అసెంబ్లీ కూడుతుంది, బడ్జెట్టు తేల్చేది అక్కడే. మన ఎమ్మెల్యే అక్కడ లేచి, చిన్న బళ్ళ డబ్బు ముట్టుకోవద్దని అడగాలి. ఆయన అడగాలంటే ముందు మీరు ఆయన్ని అడగాలి అంది. తను సర్కారు ఉద్యోగి కాబట్టి రాయకూడదట. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆమె నా మొహం వైపు చూడలేదు.

అంటే మా పిల్లలు రోజూ బైపాస్ దాటాలి. ఆ రోడ్డు ఎలాంటిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. నెలలో ఒక వారం నా వంతు దాన్ని ఊడవడం. లారీల మీంచి జారిన ఉల్లిపాయలు, పగిలిన అద్దాలు, చెప్పులు దొరుకుతాయి. చెప్పులు ఎప్పుడూ ఒంటివే. పెద్దవాళ్ళవి దొరికితే తట్టలో వేస్తాను. చిన్న చెప్పు దొరికితే ఆ రోజంతా అన్నం సయించదు. మా ఆయన కంబం లోయ నుంచి ఒట్టన్‌చత్రం మార్కెట్టుకి కూరగాయల లారీ తోలతాడు. పొద్దున ఎనిమిది గంటలకి ఆ రోడ్డు మీద వచ్చే డ్రైవర్లు రాత్రంతా నిద్రపోనివాళ్ళని ఆయనే చెప్పాడు. కళ్ళు తెరిచే ఉంటాయి గాని ఎదురుగా ఉన్నది కనిపించదట. నా కూతురు ఎనిమిదేళ్ళది. చెయ్యి పట్టుకుని దాటించడానికి ఆ వేళకి వీధిలో ఒక్క తల్లీ ఉండదు, ఊరు ఊడుస్తూ ఉంటాం.

ఆ సాయంత్రమే అర్జీ రాశాను. రెండు పేజీలు, అరవంలో, ఒక్క కొట్టివేత లేకుండా. మేం ఐదుకే పోతామనీ, బడే మా పిల్లల్ని లేపి తిండి పెట్టి తల దువ్వుతుందనీ, ఆ డబ్బు తీసేయొద్దని అసెంబ్లీలో మా తరఫున అడగమనీ రాశాను. పెద్దవ్వ ఇంటికి తీసుకుపోయి చదివి వినిపించాను. ఆమె తలుపు మూల నుంచి సిరా డబ్బా తీసి, వేలు అద్ది, కింద గట్టిగా ఒత్తింది. పని అయిపోయిందనుకున్నాం. ఎమ్మెల్యే ఆఫీసులో ఇచ్చి, ముద్ర కొట్టిన చీటీ తెచ్చుకుని నేను హాయిగా నిద్రపోయాను. ఇంత తెలివితక్కువగా హాయిగా ఉన్నది నా జన్మలో ఆ రెండు వారాలే.

తర్వాత పెద్దవ్వ పేరున జవాబు వచ్చింది. నేనే విప్పి చదివాను. వృద్ధాప్య పెన్షను కోసం మీరు పెట్టుకున్న అర్జీ అందింది, రేషన్ కార్డు, ఆధార్ నకలు తీసుకుని రావలసింది అని ఉంది.

ముందు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే అర్థమైంది, మా బడి కాగితం పెన్షను కట్టలో పడిందని. ఉన్న చీటీ పట్టుకుని ఆ ఆఫీసుకి పరుగెత్తాను. అక్కడి గుమాస్తా చెడ్డవాడేం కాదు. కట్ట తీసి చూపించాడు కూడా. "ఒక ముసలామె వేలిముద్ర ఒక్కటే ఉంది కదమ్మా. ఇలాంటివి రోజుకి బోలెడు వస్తాయి, అన్నీ పెన్షనువే. వీధంతా అడుగుతోందంటే వీధంతా ఎక్కడ?" అన్నాడు. నేను మా పద్ధతి చెప్పబోయి ఆగిపోయాను. అరవంలో ఆ పద్ధతికి మాటలే దొరకలేదు. ఒక్క వేలు మా అందరిదీ అని మాకు తెలుసు. ఆ వేలి మీద ఆ సంగతి రాసి లేదు. అసెంబ్లీకి ఇంకా పది రోజులుంది, ఎమ్మెల్యే సోమవారం ఊళ్ళో అర్జీలు తీసుకుంటాడని గుమాస్తా చెప్పాడు.

అంటే అందరి చేతా సంతకాలు పెట్టించాలి. అది తలచుకోగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. నేను ఆరో తరగతిలో ఉండగా, చేతులకి గ్లవ్స్ ఇప్పించమని ఆడవాళ్ళు ఒక కాగితం రాశారు. ఉత్సాహం కొద్దీ ఎవరి పేరు వాళ్ళే వరుసగా రాసుకున్నారు. మర్నాడు మేస్త్రి ఆ కాగితంలో పై నుంచి ఆరు పేర్లు పిలవలేదు. మా అమ్మది మూడో పేరు. ఏడాదిన్నర ఆమె ఇళ్ళలో గిన్నెలు తోమింది. ఆ తర్వాతే మా వీధిలో కాగితాలన్నీ పెద్దవ్వ దగ్గరికి పోవడం మొదలైంది. అప్పటికే ఆమె పని మానేసింది. పిలవకుండా మానేయడానికి ఆమె పేరు ఏ వరుసలోనూ లేదు. ఇదంతా ఆఫీసు నుంచి తిరిగి నడుస్తూ మొదటిసారి ఒకదానికొకటి జోడించి చూసుకున్నాను. ఇన్నేళ్ళూ పెద్దరికం అనుకున్నది వానలో మా అందరి మీదా పట్టిన గొడుగు. ఇప్పుడు పోయి దాన్ని ముడవమని నేనే చెప్పాలి.

చెప్పడానికి ఒక పూట పట్టింది. పెద్దవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. నేనూ కూర్చుని రెండు గుప్పెళ్ళు ఒలిచి, అప్పుడు చెప్పాను.

"ఏమే, నా ఏలు చాలదంటనా?" అంది.

"నీ ఏలు చాల్తాది అవ్వా. వాళ్ళకే తెలీలేదు. అందరి కైయెళుత్తూ కావాలంట."

ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసి ఒలిచింది. తిడుతుందేమోనని నేను చేటలోకే చూస్తూ ఉన్నాను.

"నేను పెడితే దాని కింద మీరు పెట్టరు గదా. సరి, మీరంతా పెట్టండి. నేను కడపట పెడతా. శనారం పని దిగినంక అందర్నీ పళ్ళికూడానికి రమ్మను. నేనాడ కూసుంటా." అని చేట దులుపుకుని లోపలికి పోయింది.

మా ఆయనకి ఫోన్ చేశాను. లారీ చప్పుడులో ఆయన గొంతు విసుగ్గా వినిపించింది. "రాసియ్యి, చదివియ్యి, ఏమన్నా చెయ్యి. నీ పేరు మట్టుకు పెట్టొద్దు. మీ అమ్మ కత నీకు మతికి లేదా?" అన్నాడు. సరే అన్నాను. నిజం చెప్పాలంటే ఆయన చెప్పకముందే నేను అదే అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం బడి వరండాలో టేబుల్ వేశాం. పెద్దవ్వ పిల్లల బెంచీ మీద కూర్చుంది. రెండు గంటలకల్లా వీధంతా వచ్చింది, కానీ టేబుల్ దగ్గరికి ఒక్కరూ రాలేదు. గోడకి ఆనుకుని, అరుగు అంచున కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటున్నారు. కాసేపటికి మా పక్కింటి అత్త లేచి వచ్చి నా చెవిలో, "నా పేరు ఫస్టు రాయొద్దు తాయీ. మా ఇంట్లో ముగ్గురమూ ఈ పనిలోనే ఉండాము," అంది. ఇంకొకామె, "కడపట రాసినా కండ్లకి పడతాది. నడుమెక్కడన్నా రాయి," అంది. అందరికీ నడుమే కావాలి. అప్పుడే రాయడం మొదలుపెట్టిన కాగితానికి నడుమ ఎక్కణ్ణుంచి తెచ్చేది? అరగంట అలాగే గడిచింది. ఇద్దరు లేచి ఇళ్ళకి పోయారు. నాకు వాళ్ళ మీద కోపం రాలేదు. నేను కూడా పోయేదాన్నే, పెన్ను నా చేతిలో ఇరుక్కుంది గాని.

పెద్దవ్వ లేచి టేబుల్ మీది చాక్‌పీసు తీసుకుంది. వంగలేక నేల మీదే కూర్చుని, పళ్ళెమంత గుండ్రం గీసింది.

"ఇట్లా రాయండే. కోలం ఏసినట్లు. నడుమ నాకు చోటు ఇడవండి," అంది. కోలమంటే ముగ్గే.

కొత్త కాగితం తీసుకున్నాను. టీచరమ్మ అన్నం పళ్ళెం ఒకటి తెచ్చి బోర్లా పెట్టి చుట్టూ గీత గీసింది. రాయకూడదు గాని గీత గీయడానికి రూలు అడ్డం లేదు కదా అంది. పక్కింటి అత్త వచ్చి గీత మీద ఒకచోట పేరు రాసింది. తర్వాత వచ్చినామె దాని పక్కన రాయకుండా ఎదురుగా రాసింది. ఆ తర్వాత ఎవరికి తోచినచోట వాళ్ళు, కాగితం తిప్పుకుంటూ రాశారు. రాయడం రానివాళ్ళు వేళ్ళు అద్దారు. మా ఊడ్చే చేతులకి రేఖలు సరిగా ఉండవు, చాలా ముద్రలు నల్లటి చుక్కల్లా పడ్డాయి. ఇళ్ళకి పోయిన ఇద్దరూ తిరిగి వచ్చారు. సాయంత్రానికి గీత చుట్టూ రెండు వరసల పేర్లు. ఎవరు ముందు రాశారో దేవుడికి కూడా తెలియదు. నాకు మాత్రం తెలుసు, మర్చిపోవడానికి ప్రయత్నిస్తున్నాను.

కాగితం పెద్దవ్వ ముందు పెట్టాను. ఆమె వేలు సిరాలో అద్దింది. కాగితం మీదికి వంగింది. వేలు దించలేదు.

"ఈడ సందు ఎవరిది?" అంది.

లోపలి వరసలో ఒకచోట ఖాళీ ఉంది. ఒక పేరు పట్టేంత. మధ్యాహ్నం నుంచీ ఎవరొచ్చినా నా వేలితో వేరే చోటు చూపించి అక్కడ రాయించాను. ఎందుకలా చేశానో అప్పుడు నన్నడిగితే చెప్పలేకపోయేదాన్ని.

"చోటు మిగిలింది అవ్వా."

"నాకు పేర్లు సదవను రాదు. కోలం తెలస్తాది. ఇది మిగిలిండేది కాదు, నువ్వు ఇడిచిండేది."

వరండాలో అందరూ నన్ను చూస్తున్నారు. అంతమంది చేత నేనే రాయించాను, ఏం కాదు ఏం కాదని చెప్పి. వాళ్ళ మొహాలు చూడలేక తల దించుకున్నాను. అంత సిగ్గు నేను మళ్ళీ పడలేదు. పెద్దవ్వ కోప్పడలేదు. నల్లటి వేలు గాల్లోనే పట్టుకుని కూర్చుంది. "సిరా ఎండిపోతాది," అని మాత్రం అంది. నేను కూర్చుని నా పేరు రాశాను. అక్షరాలు వంకరపోయాయి. అప్పుడు ఆమె నడుమ వేలు ఒత్తింది.

సోమవారం పనికి సెలవు చెప్పి, పెద్దవ్వనీ అమ్మాయినీ వెంటబెట్టుకుని పోయాను. పందిట్లో వరుస పెద్దగా ఉంది. మా వంతు వచ్చేసరికి నేను చూసింది ఎమ్మెల్యేని కాదు. ఆయన కుర్చీ పక్కన మా కాంట్రాక్టరు తెల్లచొక్కాతో నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు. అమ్మాయి చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నానో, అది విదిలించుకుంది.

ఎమ్మెల్యేది కూడా తెలుగు ఇల్లే. నల్లరేగడి నేలల వైపు వ్యవసాయం చేసే కుటుంబం. ఊళ్ళో అందరికీ తెలుసు గాని ఆయన బయట అరవమే మాట్లాడతాడు, మేమూ అంతే. పెద్దవ్వకి ఆ పట్టింపు లేదు.

"నాయనా, ఇది పెన్షను కాయితం కాదు," అంది తెలుగులో.

ఆయన నవ్వాడు. కాగితం తీసుకుని, ఒకసారి చుట్టూ తిప్పి, ఇంకోసారి తిప్పాడు. "ఇది ఎక్కడ మొదలవ్వా?" అని ఆయనా తెలుగులోనే అడిగాడు. బడి గురించి నేను మళ్ళీ రాసిన పేజీలు తిప్పి చదివాడు, నిదానంగానే చదివాడు. తర్వాత గుమాస్తాకి కాగితం అందిస్తూ ఉంటే, గుమాస్తా పుస్తకం తెరిచి ఆగాడు. "ఎవరి అర్జీ అని రాయాలి సార్? ఒక పేరు ఉండాలి కదా," అన్నాడు.

గుండ్రంగా రాస్తే ఎవరికీ ఏం కాదని నమ్మించినదాన్ని నేను. పుస్తకంలో గడి మాత్రం ఒక్కటే. "నా పేరు రాసుకో," అని పెద్దవ్వ అప్పటికే ముందుకి జరిగింది, ఎప్పటిలాగే. ఆమె పేరు రాస్తే ఆ కాగితం మళ్ళీ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. గుమాస్తా పెన్ను పుస్తకం మీదికి దిగుతోంది. నాకు బైపాస్ మీద దొరికే చిన్న చెప్పులు కళ్ళ ముందు కనబడ్డాయి. మేస్త్రి కాగితం కూడా కనబడింది. రెండు భయాల్లో ఏది పెద్దదో అప్పుడు నాకు తేలింది.

"ఇక్కడ సార్, నాతోనే మొదలు," అని కాగితం మీద నా పేరు చూపించాను. కాంట్రాక్టరు ఫోన్ మీంచి తలెత్తి నన్ను చూశాడు. పేరు చెప్పాను, అక్షరం అక్షరం.

మర్నాడు ఐదుకి వరుసలో నిలబడ్డాను. మేస్త్రి అందరి పేర్లూ పిలిచాడు, నాది తప్ప. కాగితం మడిచాడు. మళ్ళీ విప్పి, నా వైపు చూడకుండా పిలిచాడు. "బైపాస్," అన్నాడు. "రేపట్నుంచి రోజూ బైపాస్."

ఎమ్మెల్యే అసెంబ్లీలో మా బడి లాంటి బళ్ళ గురించి మాట్లాడాడని టీచరమ్మ చెప్పింది. ఫోన్లో చూపించింది కూడా. ఆయన మాట్లాడింది కొంచెంసేపే. డబ్బు సంగతి ఇంకా తేలలేదు. ఈ ఏడాదికి ఆపారు, వచ్చే ఏడాది మళ్ళీ చూస్తారు అంటున్నారు. మా ఆయన చాలా రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పక్కగా వస్తే లారీ నెమ్మది చేసి హారన్ కొట్టి పోతాడు. ఐదు గంటలకి నా పేరు పిలిచేదాకా ఈ రోజుకీ నాకు ఊపిరి ఆడదు.

ఎనిమిది అవుతూ ఉండగా ఎక్కడున్నా ఊడవడం ఆపి, మా వీధి వచ్చి కలిసే మూల దగ్గర చీపురు పట్టుకుని నిలబడతాను. లారీలు పోతూనే ఉంటాయి. వీధి వైపు చూస్తాను. తొమ్మిదికి మా బడి గంట వినిపించాక మళ్ళీ చీపురు ఎత్తుతాను. ఇవాళ కూడా చూశాను. పిల్లలెవరూ రోడ్డు దాటలేదు.